చచ్చు కణముల చాటింపు



నేటి ప్రసంగము రాజులను గూర్చినది కాదు, కోటలను గూర్చినదియు కాదు. పేరెత్తుటకే మన పల్లెలలో పెద్దలు వెరచు రాచపుండును గూర్చినది. అందులోను, దాని వైద్యచరిత్రలో నూరేండ్లకు పైగా దాగుడుమూతలాడిన యొక సంగతిని గూర్చినది. మందుచే చచ్చుచున్న దుష్టకణము అన్నివేళల ఊరక చావదు. ఒక్కొక్కప్పుడది దేహములోని రక్షకబలములకు చాటింపు వేసి, ఇంకను బ్రదికియున్న తన తోడి దుష్టకణముల గుర్తులను వానికి పట్టియిచ్చును. ఈ మాట ప్రయోగములచే ఋజువై రెండు దశాబ్దములు మాత్రమే యైనది.

నేను వైద్యుడను కాను. చిన్ననాట శబ్దమంజరియు అమరమును వల్లించి, పెద్దనై కోస్గిలోను చుట్టుప్రక్కల గ్రామములలోను పిల్లలకు తెలుగు చెప్పి, విశ్రాంతి పొందినవాడను. నాకీ విషయమున ఆసక్తి కలుగుటకు కారణము మా అక్కయ్య. 2011లో ఆమె రొమ్మున ఉసిరికాయంత గడ్డ కనబడెను. నొప్పి లేదు. ఆమె నాతో చెప్పగా, నొప్పిలేని గడ్డకు తొందర యేమని, అవిసెగింజల పట్టు వేయుమని చెప్పినవాడను నేనే. ఇంటిలో మేనకోడలి పెండ్లి యుండెను. కత్తి తగిలినచో రాచపుండు పాకునని ఊరిలో నలుగురు అను మాటయు నా మనస్సులో నుండెను. అట్లు ఎనిమిది నెలలు గడచెను. తరువాత హైదరాబాదునకు పోతిమి. శస్త్రచికిత్స చేసిరి. పిమ్మట మూడు వారముల కొకసారి నరములోనికి మందెక్కించిరి. ఆ మందు కుంకుమ కలిపిన నీటివలె ఎర్రగా నుండెను. మొదటి దినమున ఆమె ఆ సీసా వంక చూచుచు అడిగిన మాటను ఆమె నోట వచ్చినట్లే చెప్పెదను: “తమ్మీ, గిది లోపలికి పోయి అన్నిటిని సంపుతదంటున్నరు. మరి సచ్చినయన్ని ఏడికి పోతయి?”

బడిలో ఎన్నియో ప్రశ్నలకు బదులు చెప్పినవాడను, ఆ ప్రశ్నకు చెప్పలేకపోతిని. తరువాత కొంత పుస్తకములను చూచియు, కొంత నా శిష్యులలో వైద్యులైనవారిని అడిగియు తెలిసికొన్నది నేడు మీ యెదుట పెట్టుచున్నాను.

మన ప్రాచీనులకు ఈ వ్యాధి తెలియనిది కాదు. సుశ్రుతుడు దీనిని అర్బుదమనెను. గుండ్రనై, కదలక, అల్పమైన నొప్పితో, చిరకాలము పెరుగుచు, లోతుగా వేరుపాతుకొను మాంసపు వాపు అని లక్షణము చెప్పెను. ఒకదానిపై నొకటి పుట్టినది అధ్యర్బుదము, జంటగా పుట్టినది ద్విరర్బుదము. నన్ను ఆశ్చర్యపరచినవి ఆయన చెప్పిన మరి రెండు మాటలు. మొదటిది, శేషము మిగిల్చి తీసినచో అర్బుదము మరల త్వరగా పుట్టునని. అనగా కత్తి తగులుట వలన కాదు, కత్తి సగము పని చేసి విడుచుట వలన కీడని ఆయన యెరుగును. నేనీ శ్లోకములను చదివియుండియు ఊరివారి మాటనే నమ్మితిని. రెండవది, అర్బుదము పక్వము కాదు, చీము పట్టదు అని. చీమనగా నేమి? దేహములోని రక్షకకణములు శత్రువుతో పోరాడి కూలిన రణభూమి. సెగగడ్డకు చీము పట్టును, ముల్లు విరిగిన చోట చీము పట్టును, అర్బుదమునకు మాత్రము పట్టదు. అక్కడికి సైన్యమే పోలేదన్నమాట. ఎందుచేత పోలేదు? పోవునట్లు చేయవచ్చునా? రాబోవు చరిత్రయంతయు ఈ రెండు ప్రశ్నల చుట్టు తిరుగును.

పాశ్చాత్యులలో ఈ ప్రశ్నను చేతితో పట్టుకొన్నవాడు విలియం కోలీ అను న్యూయార్కు శస్త్రవైద్యుడు. చేతి యెముకకు పుట్టిన దుష్టగ్రంథితో ఆయనయొద్దకు వచ్చిన యొక యువతి, ముంజేయి తీసివేసినను ఫలము లేక, 1891 జనవరిలో మరణించెను. కోలీ అప్పటికి ముప్పదియేండ్లు నిండనివాడు. ఆ చావు ఆయనను కలచివేసెను. ఆస్పత్రి పాత దస్తరములన్నియు తిరుగవేయగా ఒక జర్మను కూలివాని వృత్తాంతము కనబడెను. ఆతని మెడపై గ్రంథిని పలుమారులు కోసిరి, మరల మరల పెరిగెను. 1884లో ఆ పుండునకు విసర్పము సోకెను. విసర్పమనగా చర్మము ఎర్రబారి, తీవ్రజ్వరముతో పాకు అంటువ్యాధి. వైద్యులు ఆశ వదలుకొనిరి. కాని జ్వరము తగ్గునప్పటికి గ్రంథియు కరిగిపోయెను. కోలీ ఊరకుండక, న్యూయార్కు నగరములో పేదలుండు వాడలలో గాలించి ఏడేండ్ల తరువాత ఆ మనుష్యుని పట్టుకొనెను. ఆతడు ఆరోగ్యముగా నుండెను, మెడమీద పాత మచ్చ మాత్రము మిగిలియుండెను.

అంతట కోలీ సాహసించి, ఇక ఏ చికిత్సయు లేదనుకొన్న యొక ఇటలీ దేశస్థునికి ఆ విసర్పమును కలిగించు సూక్ష్మజీవులను సూదితో ఎక్కించెను. కొన్ని నెలలు ప్రయత్నింపగా విసర్పము వచ్చెను. గొంతులోని గ్రంథి మెత్తబడి కరిగెను. ఆతడు మరి యెనిమిదేండ్లు జీవించెను. అయితే అదే జ్వరముతో కొందరు రోగులు మరణించిరి కూడ. కావున 1893 నుండి ఆయన చంపిన సూక్ష్మజీవుల ద్రావకమును వాడెను. ఈ మాట విని గడ్డకు వాత పెట్టవచ్చునని గాని, పసరు వేసి పుండు చేయవచ్చునని గాని ఎవరును తలపరాదు. కోలీ ద్రావకము కొందరికి పనిచేసెను, పెక్కుమందికి పనిచేయలేదు. ఎందుకు చేసెనో, ఎందుకు చేయలేదో ఆయన చెప్పలేకపోయెను. ఇంతలో రేడియమును, ఎక్సురే కిరణములును వచ్చి వైద్యలోకము దృష్టి నాకర్షించెను. 1936లో ఆయన మరణించునప్పటికి ఆయన మాటను గౌరవించువారు తక్కువ. తండ్రి కాగితములను పెట్టెలనుండి తీసి, వందలకొలది రోగుల వృత్తాంతములను ఓపికతో కూర్చినది ఆయన కుమార్తె హెలెన్. ఆమె 1953లో ఈ పరిశోధనల కొరకే యొక సంస్థను నెలకొల్పెను.

దేహము తనలో పుట్టు దుష్టకణములను తానే అణచుచుండునని జర్మనీలో పాల్ ఎర్లిక్ 1909లోనే ఊహించెను. ఊహకు రుజువు వచ్చుటకు చాలకాలము పట్టెను. ఇందొక చిక్కు కలదు. రక్షకబలముల ధర్మము పరులను పట్టుట, తనవారిని విడుచుట. రాచపుండు కణము పరాయిది కాదు, మన దేహములో పుట్టి చెడినది. ఊరి దొంగ ఊరివాడే అయినప్పుడు కావలివాడు వానిని చూచి పలకరించి పోవును గాని పట్టునా?

మరియొక చిక్కు చావులోనే యున్నది. మన దేహములో దినమునకు కొన్ని వేలకోట్ల కణములు చచ్చుచుండును, వాని స్థానమున క్రొత్తవి పుట్టుచుండును. ఇన్ని చావులకును జ్వరము రాదు, వాపు రాదు. 1972లో స్కాట్లండులోని ముగ్గురు శాస్త్రజ్ఞులు, కెర్, విల్లీ, కర్రీ యనువారు, ఈ నెమ్మదియైన చావును వర్ణించి దానికి ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టిరి. చెట్టునుండి ఆకులు, పూరేకులు రాలుటకు గ్రీకు భాషలో ఆ మాట వాడుదురట. పేరు కొరకు వారు అబర్డీను విశ్వవిద్యాలయములోని గ్రీకు పండితుని ఆశ్రయించిరని చదివి, ఈ వైద్యుల కథలో భాషాపండితున కొక చోటు దొరకినందుకు నేను సంతోషించితిని. ఆకురాలినట్లు చచ్చిన కణమును ప్రక్కనున్న కణములు నిశ్శబ్దముగా మ్రింగివేయును. రక్షకబలములు కన్నెత్తియైన చూడవు. మందులచే చచ్చు దుష్టకణములును ఇట్లే చచ్చునని వైద్యులు ముప్పది యేండ్లు నమ్మిరి. మా అక్కయ్య ఆ కాలములో అడిగియున్నచో, చచ్చినవి ఎక్కడికిని పోవు, ఇరుగుపొరుగు కణములే తినివేయునని బదులు వచ్చియుండెడిది.

ఈ నమ్మకము సడలుటకు ముందు రక్షకబలముల లోపలి ఏర్పాటు తెలియవలసి వచ్చెను. మన చిన్నతనమున ఊరికొక పట్వారీ యుండెడివాడు. పొలము పొలము తిరిగి వ్రాసికొని, పై కచేరికి లెక్క పంపుట ఆతని పని. దేహములో అట్టి పట్వారీ కణముల జాతి యొకటి కలదు. 1973లో న్యూయార్కులో రాల్ఫ్ స్టైన్మన్, జాన్విల్ కోన్ అనువారు వానిని కనుగొని, కొమ్మలవంటి చేతులుండుటచే వృక్షాకార కణములని యర్థము వచ్చునట్లు డెండ్రైటిక్ కణములనిరి. అవి చచ్చినదానిని, చిరిగినదానిని తినిచూచి, దాని గుర్తులను లసికా గ్రంథులకు కొనిపోయి, అక్కడి టి-కణములను సైనికులకు చూపును. సైనికులు ఆ గుర్తు గలవానిని వెదకి చంపుదురు. స్టైన్మన్‌కే 2007లో క్లోమమునకు రాచపుండు వచ్చెను. తాను కనుగొన్న కణములతోనే తన కొరకు టీకా చేయించుకొని, ఇతర చికిత్సలతోపాటు వాడి, నాలుగేండ్లకు పైగా బ్రదికెను. 2011 సెప్టెంబరు 30న మరణించెను. మూడు దినముల తరువాత నోబెల్ బహుమానము ప్రకటించిరి. ఆయన మరణవార్త ఆ ప్రకటన చేసినవారికప్పటికి తెలియదు. బహుమతిని రద్దుచేయక నిలిపిరి.

ఇక ఆ ఎర్రమందు సంగతి. దాని పేరు డాక్సోరూబిసిన్. ఇటలీదేశమున ఆడ్రియాటిక్ సముద్రమునకు చేరువలో కాస్టెల్ డెల్ మాంటె అను పాతకోట కలదు. ఆ ప్రాంతపు మట్టిలో ఎర్రని రంగును పుట్టించు సూక్ష్మజీవి దొరకెను. 1960 దశకమున దానినుండియే ఈ జాతి మందులను తీసిరి. ఇవి కణముయొక్క వంశసూత్రములో చిక్కుకొని దానిని విభజన చెందనీయక చంపును. వైద్యులు దీనిని విషముగానే యెంచి, విషముగానే వాడిరి.

2005లో పారిసు చేరువనున్న గుస్తావ్ రూసీ సంస్థలో గీడో క్రోమర్, లారెన్స్ జిట్వోగెల్ అనువారి బృందము ఒక సులభమైన ప్రయోగమును ప్రకటించెను. ఎలుకల ప్రేవుల రాచపుండు కణములను గాజుపాత్రలో ఈ ఎర్రమందుతో చచ్చునట్లు చేసి, ఆ చచ్చుచున్న కణములను ఆరోగ్యముగానున్న ఎలుకల ఒక ప్రక్కన చర్మము క్రింద ఎక్కించిరి. ఒక వారము గడచిన పిమ్మట రెండవ ప్రక్కన బ్రదికియున్న దుష్టకణములను ఎక్కించిరి. ఎలుకలలో చాలవాటికి గ్రంథి పుట్టలేదు. మసూచికమునకు టీకా వేసినట్లు చచ్చిన కణమే టీకాయైనది. వేరొక మందుతో, మైటోమైసిన్‌తో, చంపిన కణములకు ఈ శక్తి లేదు. రెండును చావులే, రెండును ఆకురాలుటవంటి చావులే. ఒకటి నిశ్శబ్దము, ఒకటి చాటింపు. భేద మెక్కడ?

మొదటి భేదమును 2007లో పట్టిరి. ప్రతి కణములోపలను ప్రోటీనులను సరిగా మడచి పెట్టు భాగమొకటి కలదు. అక్కడ పనిచేయు కాల్‌రెటికులిన్ అను ప్రోటీను, ఎర్రమందు తగిలినప్పుడు కణము చావకముందే పైపొరకు వచ్చి నిలుచును. ఇంటిలోపల నుండవలసిన పాత్ర వీధి యరుగుమీద కనబడినట్లు. దానిని చూచిన పట్వారీ కణము, ఇది తినదగినదని గ్రహించి తినును. ఆ సంవత్సరముననే మరియొకటి తేలెను. చచ్చిన కణము కేంద్రములోనుండి హెచ్.ఎం.జి.బి.1 అను పదార్థము వెలువడి, పట్వారీ కణముమీదనున్న యొక తలుపును తట్టి, తిన్నదాని గుర్తులను చెడనీయక సైన్యమునకు చూపుమని ప్రేరేపించును.

మూడవది నాకు అన్నిటికంటె ప్రియమైనది. దానిచే ఈ కథ మన తెలుగునేలకు వచ్చుచున్నది.

చచ్చు కణములోనుండి ఎ.టి.పి. అను చిన్న పదార్థము బయటికి చిందును. బ్రదికిన కణములోపల అది సమృద్ధిగా నుండును, వెలుపల నుండునది అత్యల్పము. కావున ఎక్కడనైన వెలుపల ఎ.టి.పి. కనబడెనా, అక్కడ ఏదియో విరిగినదని తెలియును. పట్వారీ కణములు ఆ జాడ పట్టుకొని చావు జరిగిన చోటికి చేరును. చేరినపిమ్మట అదే ఎ.టి.పి. వానిని రెచ్చగొట్టి, సైనికులను సిద్ధపరచు సంకేతములను పుట్టించును. ఇది 2009లో అదే బృందమువారు ప్రకటించినది.

ఈ ఎ.టి.పి.ని లోకమునకు చూపినవారిలో ఒకడు భీమవరమున 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవమారు గాని దాటలేదు. ఈ సంగతిని నేను తప్పిన పిల్లలకు ఏటేట చెప్పెడివాడను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీగారి పిలుపునకు ఖద్దరు అంగీ తొడిగినందుకు ఒక ఆచార్యుని ఆగ్రహమునకు గురియై, ఎం.బి.బి.ఎస్.కు బదులు దానికి తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడెను. సోదరు లిరువురు సంగ్రహణివంటి స్ప్రూ వ్యాధిచే కొలదిదినముల వ్యవధిలో పోయిరి. మామగారి తోడ్పాటుతోను, కాకినాడ సత్యలింగ నాయకరు ధర్మసంస్థ సాయముతోను అమెరికా చేరి, హార్వర్డులో సైరస్ ఫిస్క్ అను ఆచార్యునియొద్ద పనిచేసెను. రక్తములో, మూత్రములో భాస్వరము ఎంతయున్నదో నీలిరంగు గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిరువురు 1925లో ప్రకటించిరి. ఆ కొలబద్దతో కండరములను వెదకగా మొదట ఫాస్ఫోక్రియాటిన్, పిమ్మట 1929లో ఎ.టి.పి. దొరకెను. అదే సంవత్సరము జర్మనీలో కార్ల్ లోమన్ కూడ విడిగా దానిని కనుగొనెను. కండ ముడుచుకొనుటకు, గుండె కొట్టుకొనుటకు, మీరిప్పుడీ మాట వినుటకు వ్యయమగు శక్తినాణెమిది. మనిషి దినమున తన బరువుకు దగ్గరగా దీనిని చేసి, చేసినదానిని చేసినట్లే ఖర్చుపెట్టునని చెప్పుదురు.

సుబ్బారావుగారికి రాచపుండుతో సంబంధము వేరొక దారిని వచ్చెను. 1940లో లెడర్లీ సంస్థలో చేరి, సోదరులను చంపిన వ్యాధికి ఉపయోగించు ఫోలిక్ ఆమ్లమును తన బృందముతో కృత్రిమముగా చేయించెను. దాని రూపమునే కొంచెము మార్చి, కణములను మోసపుచ్చి పస్తుంచు అమినాప్టెరిన్‌ను చేయించి, బోస్టనులోని సిడ్నీ ఫార్బరునకు పంపెను. రక్తపు రాచపుండుతో చావునకు సిద్ధముగానున్న 16 మంది పిల్లలకు ఫార్బర్ దానిని ఇచ్చి, పదిమందిలో వ్యాధి తాత్కాలికముగా వెనుకకు తగ్గెనని 1948 జూనులో ప్రకటించెను. ఆ యేడే, ఆగస్టులో, సుబ్బారావుగారు న్యూయార్కులో నిద్రలోనే కన్నుమూసిరి. మరల స్వదేశమునకు రానేలేదు. అమినాప్టెరిన్ తోబుట్టువైన మెథోట్రెక్సేటు నేటికిని ఆస్పత్రులలో నున్నది. తాను కనుగొన్న శక్తినాణెము చచ్చు కణము చేతిలో దండోరాగా మారునని ఆయనకు తెలియుటకు అవకాశమే లేదు. ఆ ఎనుబదియేండ్ల యెడమును తలచునప్పుడెల్ల నాకు ఒళ్ళు పులకరించును.

ఇంతవరకు విని, ఇక రాచపుండు జయింపబడినదని యనుకొనవలదు. ఎలుకలో తేటగా కనబడినది మనిషిలో మసకగా కనబడును. మందులన్నియు చాటింపు వేయించవు. ప్లాటినమునుండి చేసిన రెండు మందులలో ఆక్సాలిప్లాటిన్ వేయించును, సిస్‌ప్లాటిన్ వేయించదు. కొన్ని గ్రంథులు టక్కరివి. అవి తమ పొరమీదనున్న కత్తెరలతో వెలుపలి ఎ.టి.పి.ని తునుకలుచేసి ఎడినోసిన్‌గా మార్చును. ఎ.టి.పి. సైన్యమును లేపునది, ఎడినోసిన్ జోకొట్టునది. మేలుకొన్న సైనికులను సైతము గ్రంథి కళ్ళెముపట్టి ఆపును. ఆ కళ్ళెములను కనుగొని, విడిపించు దారి చూపినందుకు జేమ్స్ ఆలిసన్, తాసుకు హొంజో అనువారికి 2018లో నోబెల్ బహుమానము వచ్చెను. చాటింపు వేయించు మందును, కళ్ళెము విప్పు మందును కలిపి వాడు పరీక్షలు పెక్కుచోట్ల జరుగుచున్నవి. కొందరికి మేలు కలుగుచున్నది, కొందరికి లేదు. వెలయు సామాన్యులకు అందుబాటులో లేదు.

చికిత్స ముగిసిన యేడాదికి మా అక్కయ్యకు వెండ్రుకలు మరల వచ్చినవి. ఒకనాటి సాయంకాలము కందిచేని గట్టుమీద కూర్చుండి ఆమె ప్రశ్నకు బదులు చెప్పితిని. చచ్చినవానిలో చాలవానిని ప్రక్కకణములే తినివేయుననియు, కొన్ని చచ్చుచు మిగిలినవానిని పట్టియిచ్చుననియు చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “పిలుస్తే పలికెటోళ్లుండాలె గద తమ్మీ, నాలాంటి ముసల్దాని ఒంట్ల ఎవరున్నరు?” అనెను. వయస్సుతో ఆ సైన్యము సన్నగిల్లుట నిజమే. ఆమె మరి యేడేండ్లు మాతో నుండెను. అందు కత్తి చేసినదెంత, ఎర్రమందు చేసినదెంత, చచ్చిన కణముల చాటింపు చేసినదెంత అని విడదీసి చెప్పుట ఏ వైద్యునికిని సాధ్యము కాదు. అవిసెగింజల పట్టుతో పోయిన ఎనిమిది నెలల మాటను ఆమె యెన్నడును ఎత్తలేదు.